బతికిన కండరం పంపే కబురు

గుండెపోటు వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన మనిషి గురించి బంధువులు అడిగేది ఒక్కటే: "ఇంక భయం లేదు కదా, సార్?" అప్పటికి డాక్టరు చెప్పగలిగేది సగం జవాబే. మూసుకుపోయిన నాళం తెరుచుకుంది, నొప్పి పోయింది, మనిషి లేచి నడుస్తున్నాడు. అంతవరకు నిజం. ఆరు నెలలకు అదే మనిషి చేను గట్టెక్కితే దమ్ము వస్తుందా, రాత్రి వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటాడా, పొద్దుగూకేసరికి కాళ్ళు పొంగుతాయా అన్నది ఇంకా తేలలేదు. ఈ రెండో జబ్బునే హార్ట్ ఫెయిల్యూర్ అంటున్నాం. అందులో గుండె ఆగదు. కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ ఒంటికి కావలసినంత నెత్తురు తోయలేకపోతుంది.

ఇది ఎవరికి రాబోతోందో మొదటి వారంలోనే చాలావరకు పసిగట్టవచ్చు. అందుకు కావలసింది ఒక గొట్టం నెత్తురు. ఆ నెత్తుట్లో రెండు రకాల కబుర్లు ఉంటాయి. ఒకటి చచ్చిపోయిన కండరం విడిచింది, రెండోది బతికి ఉన్న కండరం పంపేది. మన ఆసుపత్రులు మొదటి కబురు వినడం బాగా నేర్చుకున్నాయి. రెండోదాన్ని ఇంకా సరిగా వినడం లేదని నా అభిప్రాయం. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న కౌతాళం లాంటి చోట ఆ రెండో కబురు విలువ హైదరాబాదులో కంటే ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే ముందు దారుల సంగతి మాట్లాడాలి.

కౌతాళంలో రాత్రిపూట ఎవరికైనా రొమ్ములో బరువు మొదలైతే మొదట గ్యాస్ అనుకుంటారు. సోడా తాగుతారు, ఊళ్ళో ఆరెంపీతో ఒక సూది వేయించుకుంటారు. తగ్గకపోతే ఆదోని. అక్కడా కాదంటే వంద కిలోమీటర్ల దూరంలో కర్నూలు పెద్దాసుపత్రి, లేదా సరిహద్దు దాటి బళ్ళారి. భారతదేశంలో ఇరవై వేల మందికి పైగా గుండె రోగులను నమోదు చేసి 2008లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన క్రియేట్ అధ్యయనంలో, నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ కాలం 360 నిమిషాలు. ఆరు గంటలు. నెత్తురు అందని గుండె కండరం పావుగంట, అరగంట దాటగానే చావడం మొదలుపెడుతుంది. ఆరు గంటలయ్యేసరికి చావవలసిందంతా దాదాపు చచ్చిపోతుంది.

ఈ దూరాన్ని తగ్గించడానికి 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టెమి కార్యక్రమం మొదలుపెట్టింది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరుకు పంపుతారు. ఆయన చూసి అవునంటే, నాళంలో గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. బయట కొంటే నలభై వేల రూపాయల ప్రాంతంలో ఉండే మందు అది. తిరుపతి, గుంటూరు, విశాఖపట్నంతో పాటు కర్నూలు కూడా ఈ ఏర్పాటులో ఒక కేంద్రం. ఇది చాలా మంచి పని. అయితే ఇలా బతికినవాళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ, దెబ్బతిన్న గుండెతో ఇంటికి వెళ్ళేవాళ్ళ సంఖ్య కూడా పెరుగుతుంది. వాళ్ళ తర్వాతి ఆరు నెలల మాటేమిటి?

ఇక్కడే పడమటి కర్నూలుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి వానలు సరిగా పడని ఏడు వేలాది కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణకు పత్తి తీయడానికి ఇంటికి తాళం పెట్టి పిల్లాజెల్లాతో కదులుతారు. "నెలకోసారి వచ్చి చూపించుకో" అని డాక్టరు చెప్పిన మాట ఆ తాళంతోపాటే ఊళ్ళో ఉండిపోతుంది. కాబట్టి ఆసుపత్రిలో ఉన్న ఆ నాలుగైదు రోజుల్లోనే ఎవరి గుండె ప్రమాదంలో ఉందో తేల్చుకోవడం తప్పదు.

*

మొదటి కబురు కథలో మన తెలుగువాడొకాయన ఉన్నాడు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో హార్వర్డ్ చేరారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఒకటి రూపొందించి 1925లో ప్రచురించారు. ద్రవంలో మాలిబ్డేట్ కలిపితే, అందులో ఎంత ఫాస్ఫేటు ఉంటే అంత చిక్కగా నీలం రంగు తేలుతుంది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో దశాబ్దాల పాటు ప్రపంచమంతా వైద్య విద్యార్థులు ప్రయోగశాలలో చేసిన పరీక్ష ఇదే. కండరాన్ని నూరి తీసిన రసంతో ఇదే పరీక్ష చేసినప్పుడు ఇద్దరికీ ఒక వింత కనిపించింది. రంగు వెంటనే పూర్తిగా రాలేదు, నిమిషాల తరబడి మెల్లమెల్లగా ముదిరింది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకొని పారబోసేవారు. వీళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఫాస్ఫేటును తనతో కట్టేసుకుని, ఆమ్లం తగిలితే కొంచెం కొంచెంగా వదిలే పదార్థం ఏదో కండరంలో ఉండాలి. అది ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో ప్రకటించారు. కండరాన్ని పని చేయిస్తే ఆ నిల్వ తగ్గింది, విశ్రాంతినిస్తే మళ్ళీ నిండింది. అదే కాలంలో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు. కానీ అది ఏమిటో తేల్చింది ఫిస్కే, సుబ్బారావులే.

కండరం తటాలున శక్తి కావలసినప్పుడు వాడుకునే తక్షణ నిల్వ అది. ఆ నిల్వను అటూ ఇటూ మార్చే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. ఆ చర్యను 1934లో జర్మనీలో కార్ల్ లోమన్ వివరించాడు. ఈ ఎంజైము ఉండవలసింది కండర కణం లోపల. కణం చచ్చి దాని గోడ పగిలితే నెత్తుట్లోకి కారుతుంది. 1960ల నుంచి డాక్టర్లు దాన్ని కొలవసాగారు. దానిలోనే గుండె కండరంలో ఎక్కువగా ఉండే రకం సీకే-ఎంబీ. మన ప్రాంతంలో ఇరవై పాతికేళ్ళ కిందటి గుండె రోగుల పాత కాగితాలు తిరగేస్తే ఈ పేరు కనిపిస్తుంది. అంతకంటే ముందు, 1954లో న్యూయార్క్ వైద్యులు లాడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ గుండెపోటులో పెరుగుతుందని చూపించింది ఎస్‌జీఓటీని. ఇప్పుడు కామెర్లకు చేయించే పరీక్షల్లో ఒకటిగా మనకు తెలిసింది అదే.

ఇవన్నీ ట్రోపోనిన్ రాకతో వెనక్కి తగ్గాయి. ట్రోపోనిన్‌ను 1960ల నడుమ టోక్యోలో సెట్సురో ఎబాషి కనిపెట్టాడు. కండరం ముడుచుకోవాలో వదులవ్వాలో నియంత్రించే ప్రొటీను అది. గుండెలోని ట్రోపోనిన్ రూపం ఒంటి కండరాల్లోని దానికి కొంచెం వేరు. ఆ తేడా ఆధారంగా గుండెదాన్ని మాత్రమే పట్టే పరీక్షను హైడెల్‌బర్గ్‌లో హ్యూగో కాటుస్ బృందం 1989లో ప్రచురించింది. గుండెపోటు వచ్చిన కొన్ని గంటల్లోనే ఇది నెత్తుట్లో పెరుగుతుంది, వారం నుంచి రెండు వారాల దాకా దిగిరాదు. 2000 సంవత్సరంలో ఐరోపా, అమెరికా గుండె వైద్యుల సంఘాలు గుండెపోటు నిర్వచనాన్నే దీని చుట్టూ తిరిగి రాశాయి. ఇప్పుడు వేలి పొడవు పట్టీ మీద నాలుగు చుక్కలు వేసి చూసే ట్రోపోనిన్ పరీక్షలు చిన్న పట్టణాలకు కూడా వచ్చాయి.

మూడో నాలుగో రోజున ట్రోపోనిన్ ఎంత ఉందో చూస్తే ఎంత కండరం పోయిందో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. ఎక్కువ పోతే ముందు ముందు గుండె అలిసిపోయే అవకాశం ఎక్కువ. అయినా ట్రోపోనిన్ దగ్గరే ఆగిపోతే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఒకే మోతాదులో కండరం కోల్పోయిన ఇద్దరిలో ఒకరు మళ్ళీ మడక పట్టి దున్నుతారు, ఇంకొకరు వాకిలి దాటలేరు. ఎందుకు?

*

తేడా అంతా మిగిలిన కండరంలో ఉంది. గుండెపోటు తర్వాత చచ్చిన చోట గోడ పలచబడుతుంది, వారాల మీద గట్టి మచ్చగా మారుతుంది. ఆ భాగం ఇక ముడుచుకోదు. దాని వంతు పని కూడా పక్కనున్న బతికిన కండరం మీదే పడుతుంది. పత్తి కుక్కిన గోనెసంచికి ఒకచోట కుట్టు వదులైతే మొత్తం సంచి ఆకారమే మారినట్టు, ఎడమ జఠరిక మెల్లగా సాగి గుండ్రంగా ఉబ్బుతుంది. గది పెద్దదయ్యేకొద్దీ అదే పీడనం పుట్టించడానికి గోడ మరింత బిగువుగా లాగాలి. బిగువు పెరిగితే ఇంకా సాగుతుంది. దీనికి తోడు ఒళ్ళు నెత్తురు తగ్గిందనుకొని అడ్రినలిన్‌నూ, యాంజియోటెన్సిన్‌నూ, ఆల్డోస్టిరాన్‌నూ విడుదల చేస్తుంది. ఉప్పును పట్టి ఉంచుతుంది, నాళాలను బిగిస్తుంది. మొదటి రెండు రోజులు ఇది ప్రాణం నిలబెడుతుంది. నెలల తరబడి సాగితే అదే గుండెను పాడు చేస్తుంది.

బతికిన కండరం ఈ సాగుడును మౌనంగా భరించదు. ఈ సంగతి ఎలా బయటపడిందో చెప్పుకోదగ్గదే. గుండె పైగదుల కణాల్లో చిన్న చిన్న గుళికలున్నాయని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో 1950లలోనే చూశారు. అవి దేనికో పాతికేళ్ళ పాటు తెలియలేదు. కెనడాలోని కింగ్‌స్టన్‌లో పనిచేస్తున్న అర్జెంటీనావాడు అడాల్ఫో డి బోల్డ్ ఎలుకల గుండె పైగదులను నూరి ఆ రసాన్ని వేరే ఎలుకలకు ఎక్కించాడు. నిమిషాల్లో వాటి మూత్రం పది రెట్లు పెరిగింది, మూత్రంలో పోయే ఉప్పు ముప్పై రెట్లు పెరిగింది. 1981లో ఆ ఫలితం అచ్చయింది. అప్పటిదాకా నెత్తురు తోసే పంపుగా మాత్రమే తెలిసిన గుండె, మూత్రపిండాలకు ఆజ్ఞలు పంపే గ్రంథి కూడానని అలా తెలిసింది. నేను చదివిన ప్రయోగాల్లో ఇంత సాదాగా ఉండి ఇంత పెద్ద సంగతి బయటపెట్టినవి చాలా తక్కువ.

1988లో జపాన్‌లోని మియజాకిలో సుడో, కంగావా, మత్సువో అదే కుటుంబానికి చెందిన రెండో హార్మోనును పంది మెదడులో కనిపెట్టారు. అందుకే దాని పేరులో మెదడు ఉంది: బ్రెయిన్ నాట్రియూరెటిక్ పెప్టైడ్, పొట్టిగా బీఎన్‌పీ. తర్వాత చూస్తే మనిషిలో అది ప్రధానంగా తయారయ్యేది గుండె కింది గదుల్లో, వాటి గోడ సాగినప్పుడు. కణం మొదట 108 అమైనో ఆమ్లాల పొడవాటి ప్రొటీను తయారుచేస్తుంది. అది నెత్తుట్లోకి వస్తూ రెండుగా తెగుతుంది. 32 ఆమ్లాల ముక్క బీఎన్‌పీ. ఉప్పును బయటికి పంపేది, నాళాలను వదులు చేసేది అదే. మిగిలిన 76 ఆమ్లాల ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. దానికి చేసే పనంటూ ఏమీ లేదు. కానీ నెత్తుట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి కొలవడానికి అదే అనువు. ఉప్పును పట్టి ఉంచే హార్మోన్లకు ఎదురుగా సాగిన గోడ చేసే పోరాటం ఎంత తీవ్రంగా ఉందో ఈ అంకె చెబుతుంది.

గుండెపోటు తర్వాత ఈ అంకె నడక గమనించదగ్గది. 1993లో జపాన్ వైద్యులు మొరీటా బృందం గంట గంటకూ, రోజు రోజుకూ నెత్తురు తీసి చూశారు. అందరిలోనూ పదహారు గంటల ప్రాంతంలో బీఎన్‌పీ ఒకసారి శిఖరానికి చేరింది. చాలామందిలో తర్వాత దిగిపోయింది. గుండె ముందు గోడ బాగా దెబ్బతిని తర్వాత అలిసిపోయే దారిలో ఉన్నవాళ్ళలో మాత్రం అయిదో రోజు ప్రాంతంలో మళ్ళీ లేచింది. మొదటి శిఖరం దెబ్బకు స్పందన, రెండోది సాగుడు మొదలైందని చెప్పే సంకేతం. అంటే ఆసుపత్రికి వచ్చిన రాత్రే తీసిన నెత్తురు ఒక్కటే చాలదు. ఇంటికి పంపే ముందు, మూడు నుంచి అయిదో రోజు మధ్య తీసిన నెత్తురు ఎక్కువ నిజం చెబుతుంది.

2001లో అమెరికాలో జేమ్స్ డి లీమోస్ బృందం 2,525 మంది రోగులను పరిశీలించి ఇంకో ముఖ్యమైన సంగతి చూపించింది. నొప్పి మొదలైన సుమారు 40 గంటలకు కొలిచిన బీఎన్‌పీ ఎంత ఎక్కువుంటే, పది నెలల లోపల చనిపోయే అవకాశం, గుండె అలిసిపోయే అవకాశం అంత ఎక్కువ. ట్రోపోనిన్ పెరగనివాళ్ళలోనూ, అప్పటికి ఆయాసం ఏమీ లేనివాళ్ళలోనూ ఈ లెక్క నిలబడింది. రెండు కబుర్లూ వేర్వేరు విషయాలు చెబుతున్నాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇలాంటి సూచికలు ఇంకా ఉన్నాయి. గుండె కణాలు ఒత్తిడిలో విడిచే ఎస్‌టీ2, మచ్చ ఏర్పడటంతో ముడిపడిన గెలెక్టిన్-3, జీడీఎఫ్-15, వాపును చెప్పే సీఆర్‌పీ. వీటన్నిటినీ కలిపి చూస్తే జోస్యం కొంచెం మెరుగవుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఆ కొంచెం మెరుగు కోసం కౌతాళం రైతు చేత డబ్బు ఖర్చు పెట్టించడం నాకు న్యాయంగా తోచదు. ఇప్పటికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చాలు.

*

అంకెను చదవడంలో పొరపాట్లు సులువుగా జరుగుతాయి. వయసు పెరిగితే ఇది సహజంగానే పెరుగుతుంది. ఆయాసంతో వచ్చినవారిలో హార్ట్ ఫెయిల్యూర్ ఉందని అనుమానించడానికి వాడే హద్దులు యాభై లోపు వారికి 450, యాభై నుంచి డెబ్భై అయిదు వరకు 900, ఆ పైన 1,800. మూత్రపిండాలు దెబ్బతింటే నెత్తుట్లోంచి పోవడం తగ్గి అంకె పెరుగుతుంది. మన దగ్గర మధుమేహం ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి, పక్కనే క్రియాటినిన్ చూడకుండా ఈ కాగితం చదవకూడదు. స్థూలకాయంలో విరుద్ధంగా అంకె తగ్గి కనిపిస్తుంది, తక్కువ ఉందని ధీమా పడకూడదు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే గుండె బాగున్నా పెరుగుతుంది. సకుబిట్రిల్ ఉన్న మందు వాడేవాళ్ళలో బీఎన్‌పీ కొలిస్తే తప్పుదారి పడతాం, ఎందుకంటే ఆ మందు బీఎన్‌పీ విరగకుండా అడ్డుపడుతుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి ఆ ఇబ్బంది లేదు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, అంకె చూసి ఏమీ చేయకపోవడం. ఐర్లండ్‌లో 1,374 మంది మీద చేసి 2013లో ప్రచురించిన స్టాప్-హెచ్‌ఎఫ్ ప్రయోగంలో వాళ్ళంతా ఇంకా హార్ట్ ఫెయిల్యూర్ రాని, ముప్పు ఉన్నవాళ్ళే. ఒక వర్గానికి బీఎన్‌పీ చూసి, 50 దాటినవాళ్ళను గుండెకు తీసే ఎకో స్కానుకు, గుండె డాక్టరుకు పంపారు, మందులు సవరించారు. కింది గది పనితీరు తగ్గడమో, హార్ట్ ఫెయిల్యూర్ రావడమో రెండో వర్గంలో 8.7 శాతం ఉండగా వీళ్ళలో 5.3 శాతానికి తగ్గింది. అదే జబ్బు బాగా ముదిరినవాళ్ళలో అంకెను ఒక హద్దు కిందికి తేవడమే లక్ష్యంగా మందులు మారుస్తూ పోయిన గైడ్-ఇట్ ప్రయోగం 2017లో లాభమేమీ చూపించలేదు. అంకెను వెంటాడితే రోగి బాగుపడడు. అంకె ఎవరిని ముందు చూడాలో చెబుతుంది, ఆ మనిషికి వైద్యం అందాలి.

వైద్యం ఉంది, ఖరీదైనదీ కాదు. గుండె సాగకుండా ఆపవచ్చని బోస్టన్‌లో మార్క్ ఫెఫర్, జానిస్ ఫెఫర్ మొదట ఎలుకల్లో చూపించారు. 1992లో అచ్చయిన సేవ్ ప్రయోగంలో, గుండెపోటు వచ్చి కింది గది బలం నలభై శాతం దాటని 2,231 మందికి 3 నుంచి 16 రోజుల లోపల క్యాప్టోప్రిల్ కానీ ఉత్తి బిళ్ళ కానీ మొదలుపెట్టారు. మందు వేసుకున్నవాళ్ళలో చావులు 19 శాతం, తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ 37 శాతం తగ్గాయి. ఇప్పుడు ఆ కుటుంబంలోని రామిప్రిల్, ఎనలాప్రిల్ ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. మెటోప్రొలాల్, స్పైరోనొలాక్టోన్ కూడా అంతే. మధుమేహానికి వచ్చి గుండెకూ పనికొచ్చిన గ్లిఫ్లోజిన్ మందులు కూడా ఇప్పుడు చవకయ్యాయి.

కేరళలో 2013లో 1,205 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులను నమోదు చేస్తే వాళ్ళ సగటు వయసు 61, వాళ్ళలో 72 శాతం మందికి కారణం గుండె నాళాల జబ్బే. ఆంధ్రలో గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో చావులకు కారణాలు లెక్కగట్టిన అధ్యయనం 2006లో వచ్చింది. గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతంతో మొదటి స్థానంలో ఉన్నాయి. పల్లెల్లో గుండెజబ్బు ఉండదన్న మాటకు ఇక కాలం చెల్లింది.

*

ఇక కౌతాళానికి వద్దాం. ఎకో మిషను, దాన్ని చదివే డాక్టరు అన్నిచోట్లా ఉండరు. నెత్తుటి గొట్టం ప్రయాణం చేయగలదు. బీఎన్‌పీని ప్రత్యేకమైన ప్లాస్టిక్ గొట్టంలో తీసి గంటల్లోనే పరీక్షించాలి, లేకుంటే విరిగిపోతుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మామూలు గది వేడిలో మూడు రోజులు నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదోని వేడి గది వేడి కాదు, కాబట్టి మంచు డబ్బాలో పెట్టాలి. అంత జాగ్రత్త తీసుకుంటే బస్సులో కర్నూలు దాకా పంపినా నష్టం లేదు.

ఖర్చు సంగతి. ప్రైవేటు ల్యాబుల్లో ఈ పరీక్ష వేల రూపాయల్లో ఉంటుంది. 2024-25లో ఆంధ్రలో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఒక కాగితం కోసం వారం కూలి పోవడం తక్కువ మాట కాదు. నలభై వేల ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇచ్చిన చేత్తోనే ఇంటికి పంపేముందు ఈ పరీక్షను కూడా ఉచితంగా చేయించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. గడ్డ కరిగించిన ఫలితం నిలబడేది ఆ తర్వాతి వారాల్లోనే.

అంకె ఎక్కువ వచ్చినవాళ్ళ చీటీ మీద వేరే గుర్తు ఉండాలి. రోజూ పొద్దున ఒకే కాటా మీద బరువు చూసుకోమని చెప్పాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. బజ్జీలూ, ఊరగాయలూ, అప్పడాలూ మానమంటే ఎవరూ మానరు, కాని ఉప్పు ఎక్కడెక్కడ దాగి ఉందో ఇంట్లో వంట చేసే ఆడమనిషిని పిలిచి కూర్చోబెట్టి చెబితే సగమైనా తగ్గుతుంది. దిండు ఎత్తు పెంచుకోవలసి వస్తోందా, రాత్రి దగ్గు వస్తోందా అని ఆశా కార్యకర్త అడగాలి. సుగ్గికి పోతున్నారా అన్నది ఆసుపత్రిలోనే అడిగి రాసుకోవాలి. ఏ ఊరికో, ఎప్పుడో, ఎవరి ఫోనులో దొరుకుతారో కూడా.

స్పైరోనొలాక్టోన్, రామిప్రిల్ కలిపి వేసుకునేవాళ్ళలో నెత్తుటి పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. అందుకే మొదలుపెట్టిన వారంలో ఒకసారి, నెలకు ఇంకోసారి పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. ఆ పరీక్ష గుంటూరు జిల్లాలోని ఏ చిన్న పట్టణం ల్యాబులోనైనా చేస్తారు. చేయించుకోవలసిన తేదీలు, అంకె ఎంత దాటితే మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలో, ఆ ఫోన్ నంబరు, అన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఒకే కాగితం మీద రాసి, మిరప చేలకు బయలుదేరే ముందు చేతికివ్వాలి.